ఓబుళేశు బీపీ

ఓబుళేశుకు బీపీ లేదు. ఈ మాట మొదటే చెప్పేస్తే మంచిది. కర్నూలు నుంచి కోడుమూరు పోయే దారిలో ఉన్న మా నేతపేటలో రాళ్లు తిన్నా అరిగించుకునే మనుషులు కొందరున్నారు, వాళ్లలో ఆయన మొదటివాడు. బీపీ ఉన్నది ఆయన భార్య మద్దమ్మకు. దాన్ని కనిపెట్టింది చాలా మంచి మిషను. ఆ మిషను తెచ్చిన డాక్టరు కూడా మంచివాడే. మద్దమ్మ సంగతి ఇక చెప్పే పనే లేదు, మంచితనానికి మా పేటలో ఆమెనే ఉదాహరణ చెబుతారు. ఇంతమంది మంచివాళ్లు ఒకచోట చేరితే ఏమవుతుందో చెబుతాను, వినండి.

డాక్టరు పేరు భూపేష్. వాళ్లది ఆలూరు వైపు మెట్టసేద్యం చేసే కుటుంబం. చదువుకొని కర్నూలులో గుండె డాక్టరుగా స్థిరపడ్డాడు. ఏదో కంపెనీ ఆయనకు కొత్తరకం బీపీ మిషన్లు ఇచ్చింది. చేతికి ఒక పట్టీ, నడుముకు ఒక చిన్న పెట్టె. పగలూ రాత్రీ అరగంటకోసారి పట్టీ దానంతట అదే ఉబ్బుతుంది, చేతిని బిగిస్తుంది, అంకె పెట్టెలో రాసుకుంటుంది. మనిషి ఇంట్లో ఉన్నా, పనిలో ఉన్నా, నిద్రపోతున్నా వదలదు.

భూపేష్ దాన్ని ఊరికే నమ్మలేదు. ఎక్కడో చలిదేశంలో సరిచూసిన మిషను మన ఎండకు ఎండిన చేతుల మీద ఎట్లా పనిచేస్తుందో మనమే చూసుకోవాలన్నాడు. ఇద్దరు నర్సులను కూర్చోబెట్టి, ఒకరి అంకె ఇంకొకరికి కనబడకుండా అడ్డం పెట్టి, స్టెతస్కోపుతో వినిపించాడు. వాళ్లు విన్నదాన్నీ మిషను చెప్పినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. లావు చేతులు, సన్న చేతులు, బీపీ ఉన్నవాళ్లు, లేనివాళ్లు, అందరి మీదా చూశాడు. అంకెలు కలిశాయి. మిషను పాసైందని ఆస్పత్రిలో అందరికీ మిఠాయిలు పంచాడట. కొడుకు పాసైనా కొందరు అంత సంబరపడరు.

ఇక మిగిలింది దాన్ని మనుషులకు కట్టి ఇళ్లకు పంపడం. అందుకని మా పేటలోని చేనేత సంఘం హాల్లో క్యాంపు పెట్టారు. ఇంటికి ఒకరే రావాలన్నారు. ఎందుకని ఎవరో అడిగితే భూపేష్ నవ్వుతూ విప్పి చెప్పాడు.

"ఒక ఇంట్లో అందరూ తినే ఉప్పు ఒకటే గదప్పా. ఒకే ఇంట్లో ఇద్దరిని చూస్తే నాకు కొత్తగా తెలిసేదేముంటాది?"

ఆయన అన్నది తన పరీక్ష గురించి. జనం పట్టుకున్నది ఉప్పును. ఒకే ఉప్పు తింటే ఒకే బీపీ అని మా పేటకు ఆ రోజే స్థిరమైపోయింది.

మద్దమ్మకు అప్పటికే కొన్ని నెలలుగా మెడ వెనక బరువుగా ఉండేది. పొద్దున లేవగానే తలకు గుడ్డ బిగించి కట్టుకొని, మగ్గానికి నూలు కండెలు చుట్టే రాట్నం దగ్గర కూర్చునేది. క్యాంపు సంగతి వినగానే అత్త గురమ్మ దగ్గరికి పోయి అడిగింది.

"అత్తా, నేను పోయొస్తునా? తలకాయ శానా దిమ్ముగా ఉండాది."

గురమ్మ ఆకూవక్కా నములుతూ కోడలిని కిందికీ మీదికీ చూసింది.

"ఇంటికొకరే అంట. మగ్గం మీద కూచునేవాని ఒళ్లు చూపిస్తామా, కండెలు చుట్టేదాని ఒళ్లు చూపిస్తామా? నువ్వే చెప్పు."

న్యాయంగానే అడిగింది గదా అని మద్దమ్మ ఊరుకుంది. మొగుడిని క్యాంపుకు పంపించింది.

ఓబుళేశుకు పట్టీ కట్టిన నర్సు యామిని. నిదానంగా మాట్లాడే పిల్ల. ముందు టేపుతో ఆయన చేయి కొలిచింది. మగ్గం మీద పోగును అటూ ఇటూ మోసే నాడె విసిరి విసిరి ఆ చేయి దుక్కలా ఉంది. అందుకని అన్నిటికంటే పెద్ద పట్టీ తీసి ఎడమచేతికి కట్టింది.

"అన్నా, ఇది ఉబ్బినప్పుడు ఏ పనిలో ఉన్నా ఆపల్ల. చేయి వదులుగా కిందికి పెట్టల్ల. కదిలిస్తే దానికి అంకె దొరకదు, మళ్లీ ఊదుతాది. రేపు ఇదే వేళకు వచ్చి నేనే తీస్తా. అంతవరకు నీళ్లు పోసుకోవద్దు, పట్టీ తీయొద్దు."

"సరేమ్మా," అన్నాడు ఓబుళేశు. అబద్ధం చెప్పాలని అనలేదు. చేయగలననే అనుకున్నాడు.

ఇంటికొచ్చి మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడు. షావుకారు నూలిచ్చి నేయమన్న మంచి చీర అది, సగానికి పైగా అయింది. నాలుగు పోగులు వేశాడో లేదో పట్టీ ఉబ్బింది. ఆపాడు. వదిలాక మళ్లీ మొదలుపెట్టాడు. ఆపిన చోట చీరలో సన్నగా అడ్డగీత పడింది. నేత తెలిసినవాళ్లకు అది ఎంత అవమానమో తెలుసు. రెండోసారి ఆపకుండా నేస్తూ పోయాడు. మిషనుకు అంకె దొరకక కాసేపాగి మళ్లీ ఊదింది. ఆ బిగింపుకు చేయి గుంజి ఇంకో గీత పడింది. ఆయన లేచి మద్దమ్మను కూర్చోబెడదామంటే కుదరదు. మా వాళ్లలో ఒక చీరకు ఒకటే చేయి. పోగును బిగించే దెబ్బ ఎవరిది వాళ్లది. మధ్యలో చేయి మారితే బట్ట ఒకచోట గట్టిగా, ఒకచోట పలచగా వస్తుంది, షావుకారు మొహాన కొడతాడు. చీరకు చేయి మారకూడదు కాబట్టి పట్టీకి మార్చాడు ఓబుళేశు.

"ఏమే, ఇట్రా," అని పిలిచి పట్టీ చర్రున ఊడదీశాడు. భార్య ఎడమచేతికి చుట్టాడు. అది ఆమెకు వదులైంది. ఇంకో చుట్టు లాగి అతికించాడు.

"అయ్యో, ఆ పాప తీయొద్దనె గదయ్యా!"

"నేను యాడ తీస్తి? నా చేతికే కడితి. పెండ్లిలో ఈ చేయి పట్టుకున్నది నేనే గదా, మరి ఇది నాది కాదా?"

మద్దమ్మ నవ్వింది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడు సరసమాడాడు, పాపం, నవ్వక ఏం చేస్తుంది.

"రేపు అంకెలు తేడా వస్తే?"

"ఒకటే ఉప్పు, ఒకటే బాయి నీళ్లు. సారే చెప్పె గదా. నీకొకటి నాకొకటి ఎట్ల వస్తాది? పో, కండెలు చుట్టుకోపో. అది ఉబ్బినప్పుడు చేయి కదిలించొద్దు."

ఆమె కదిలించలేదు. చెప్పిన మాట వినడంలో మద్దమ్మను మించినవాళ్లు లేరు. పట్టీ ఉబ్బినప్పుడల్లా రాట్నం ఆపి, చేయి ఒళ్లో పెట్టుకొని, గుడిలో కూర్చున్నట్టు కూర్చుంది. రాత్రి అది బిగించినప్పుడల్లా మెలకువ వచ్చేది. పక్కన ఓబుళేశు గురక పెట్టి నిద్రపోయాడు. మర్నాడు యామిని వచ్చేలోపల పట్టీ మళ్లీ ఆయన చేతికి చేరింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్ద పట్టీని సన్న చేతికి కడితే మిషను అంకెను తగ్గించి చూపిస్తుంది. అంటే ఆ పెట్టెలోకి ఎక్కిన మద్దమ్మ బీపీ అసలుకంటే తక్కువే. ఆ తక్కువ అంకెకే డాక్టరు ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచాడు.

కబురు పంపితే మొగుడూ పెళ్లాం కర్నూలు పోయారు. భూపేష్ ఇద్దరినీ కూర్చోబెట్టి కంప్యూటరులో గీతలు చూపించాడు. పొద్దున క్యాంపులో తీసిన అంకెలు చల్లగా ఉన్నాయి. ఇంటికి పోయిన కాసేపటి నుంచి గీత కొండెక్కినట్టు ఎక్కింది.

"చూడప్పా ఓబుళేశూ. నా ముందర కూచుంటే నీ బీపీ మామూలే. ఇంటికి పోతానే ఎక్కతాండాది. రాత్రి నిద్రలో కూడా దిగలేదు. దీన్ని దాగిన బీపీ అంటాము. ఆస్పత్రిలో ఎవరికీ దొరకదు. ఈ మిషన్ లేకుంటే ఒకరోజు ఉన్నట్టుండి పక్షవాతం వచ్చి పడిపోయేవానివి. నీ అదృష్టం శానా మంచిది."

తాను వెతుకుతున్నది దొరికిన ఆనందం ఆయన మొహంలో దాగలేదు. చెప్పింది కూడా అక్షరాలా నిజం. ఎవరితో చెప్పాడో ఆ మనిషికి కాక పక్క కుర్చీలో ఉన్న మనిషికి వర్తిస్తుంది, అంతే తేడా.

మెట్లు దిగుతుంటే మద్దమ్మ మొగుడి చొక్కా పట్టుకుంది.

"ఏమయ్యా, ఇంటికి పోయినంక నుంచి అంటే... అది నా చేయి గదా."

ఓబుళేశుకు ఆ సంగతి డాక్టరు గీత చూపించినప్పుడే తట్టింది. తట్టలేదని ఆయన ఎవరి మీద ఒట్టేసినా నేను నమ్మను. వెనక్కి తిరిగి పది మెట్లెక్కి చెబితే అయిపోయేది. కానీ అంత పెద్ద డాక్టరు అంత ప్రేమగా చేయి పట్టుకొని మాట్లాడాక, సారూ నేను మిమ్మల్ని మోసం చేస్తిని అని ఎట్లా చెప్పడం? సిగ్గేసింది. సిగ్గు ఆయనది, ప్రాణం ఆమెది.

"బస్సు పోతాది, నడువు," అన్నాడు.

ఇంటికొచ్చాక మద్దమ్మ ఉండబట్టలేక అత్త ముందు అదే మాట అంది. గురమ్మ గడప మీదనే అందుకుంది.

"ఏమ్మే, మొగుని రోగం మీద కూడా కన్ను పడెనా నీకు? వాడు మంచాన పడితే చాకిరి చేయాల్సొస్తాదని ఆ రోగం నీదేనంటాండావా? ఆస్తి పంచుకున్నట్ల రోగం పంచుకుంటారా యాడన్నా?"

మద్దమ్మ కొడుకు పక్కన నిలబడ్డ అత్తనూ, తల వంచుకున్న మొగుడినీ చూసింది. ఆయన నోరు విప్పుతాడేమోనని కాసేపు నిలబడింది. తర్వాత పోయి పొయ్యి వెలిగించింది.

ఆ రోజు నుంచి ఓబుళేశు రోగి అయ్యాడు. మంచం ఫ్యాను కిందికి వచ్చింది. కూర ఉప్పు లేకుండా వేరే గిన్నెలో ఉడికేది. ఇద్దరికీ రెండు కూరలెందుకు దండగ అని మద్దమ్మ జొన్నరొట్టెలో ఊరగాయ నంజుకొని తినేది. ఆ ఉప్పు ఎవరికి పోకూడదో వాళ్లకే పోయింది. మాత్రలు మాత్రం చెంబుతో నీళ్లు పట్టుకొని మరీ ఆమే వేయించేది.

బీపీ లేనివాడు బీపీ మాత్రలు మింగితే ఏమవుతుంది? లేచి నిలబడితే ఓబుళేశుకు కళ్లు తిరిగేవి. ఒకరోజు బాయి దగ్గర తూలి పడ్డాడు. గురమ్మ గుండెలు బాదుకుంది. మళ్లీ కర్నూలు పోయారు. భూపేష్ చేతికి పట్టీ కట్టి చూసి, తక్కువగా ఉండడం చూసి తల పంకించాడు.

"నా దగ్గర తక్కువే ఉంటాది నీకు. అదే గదప్పా దీని దొంగతనం. ఈ అంకెను చూసి మందు తగ్గిస్తే ఇంట్లో కొంప మునుగుతాది. ఇంకో మాత్ర కలుపుతా."

కలిపాడు. అప్పటి నుంచి ఓబుళేశు నిజంగానే మంచం దిగలేకపోయాడు. రోగం లేనివాడికి రోగం వచ్చింది, ఉన్నదానికి పని వచ్చింది. ఆయన మొదట్లో భయపడ్డాడు, తర్వాత అలవాటు పడ్డాడు. పేటలో పెద్దమనుషులు వచ్చి మంచం పక్కన కూర్చొని ఎట్లున్నావని అడుగుతుంటే ఆయనకు బాగానే ఉండేది. అబద్ధమని తెలిసి కూడా మనిషి ఎంత హాయిగా పడుకోగలడో ఆయనను చూసి నేర్చుకోవచ్చు.

మగ్గం ఊరికే ఉండకూడదు గదా. ఆయన ముందే నేసి ముగించిన చీరను మగ్గం మీంచి కోసి తీశాక, కొత్త చీరకు పడుగు దారాలు ఎక్కించి మద్దమ్మ గుంతలోకి దిగింది. పుట్టింట్లో నేర్చుకున్న నేత అది. పొద్దున వంట, తర్వాత మగ్గం, మధ్యలో మాత్రలు, మళ్లీ మగ్గం. కండెలు కూడా ఆమే చుట్టుకునేది. మెడ వెనక బరువు తలంతా పాకింది. కళ్ల ముందు పోగులు రెండుగా కనబడి అంచు తప్పితే మంచం మీద నుంచి ఓబుళేశు కేకేసేవాడు.

"ఏమే, యాడ చూస్తాండావు? అంచు పోయెనే!"

ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఒకసారి ఆశా కార్యకర్త శివలీల ఇంటింటికీ తిరిగి బీపీ చూస్తూ వాళ్ల గడపలోకీ వచ్చింది. గురమ్మ కొడుకును చూపించింది. శివలీల లోపలికి తొంగి చూసి అడిగింది.

"ఆయనకు సారు చూస్తాండాడు గదా. నువ్వు రా మద్దక్కా, చేయి చాపు. ఎంతసేపు?"

మద్దమ్మ నాడె పక్కన పెట్టి సగం లేచింది. లేచి మొగుడి వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకొని పడుకున్నాడు. కానీ కనురెప్పలు అదురుతున్నాయి. తనకు ఎక్కువుందని తేలితే మాట డాక్టరు దాకా పోతుంది. అప్పుడు పట్టీ కట్టింది ఎవరికని అడుగుతారు. మొగుడు పది మందిలో అబద్ధాలవాడవుతాడు. ఇదంతా ఆమె మొహంలో నడిచింది.

"నాకేం లేదులే శివలీలా. ఈ పోగు తెగితే కష్టం, మళ్లీ చూపించుకుంటా," అని కూర్చుంది.

పతివ్రతలను పొగిడేవాళ్లను చూస్తే నాకు అందుకే ఒళ్లు మండుతుంది. ఆ చేయి చాపి ఉంటే నాలుగు రూపాయలు కూడా కాని మాత్రతో లొంగే రోగం అది. మా పేటంతా మాత్రం, పెండ్లామంటే అట్లుండల్ల అని ఆమెను చూపించి కొత్త కోడళ్లకు బుద్ధులు చెప్పింది.

ఎండలు ముదిరాక, మందు ఎంత పనిచేసిందో చూడడానికి యామిని మళ్లీ మిషను తెచ్చింది. ఈసారి ఓబుళేశుకు మగ్గం పని లేదు, చేయి మార్చే అవసరమూ లేదు. కట్టించుకొని మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. పట్టీ ఉబ్బినప్పుడల్లా చేయి చక్కగా చాపి, ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చాడు. ఈసారి అంకెలు తగ్గి వస్తే అందరూ మందు గొప్పతనం అనుకుంటారు, పాత సంగతి పూడిపోతుంది. ఆయన లెక్క అది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పట్టీ మళ్లీ ఉబ్బింది. అదే సమయానికి మగ్గం చప్పుడు ఆగింది. ఓబుళేశు తల తిప్పి చూశాడు. మద్దమ్మ కుడివైపుకు ఒరిగి, నేసిన బట్ట మీద చెంప ఆనించి ఉంది. కుడిచేయి గుంతలోకి వేలాడుతోంది. నోట్లోంచి ఏదో శబ్దం వస్తోంది.

ఆయన కదల్లేదు. కదిలితే అంకె దొరకదు, మళ్లీ ఊదుతుంది. చేయి చాపుకొనే, గాలి పూర్తిగా దిగిపోయే దాకా భార్యను చూస్తూ పడుకున్నాడు. పెట్టె కూత పెట్టాక పిలిచాడు.

"ఏమే, నిద్రపోతివా?"

అప్పుడు కనబడింది వంకర పోయిన మూతి. గబుక్కున లేచాడు. మాత్రల ఒంటితో అంత వేగంగా లేస్తే ఏముంది, కళ్లు తిరిగి మంచం పక్కన దబ్బున పడ్డాడు.

"నా కొడుకు పడిపోయె! రాండ్రప్పా!" అని గురమ్మ వీధిలోకి అరిచింది.

జనం పరుగెత్తి వచ్చి ఆయన చుట్టూ మూగారు, మగ్గం వైపు ఎవరూ చూడలేదు. ఆ ఇంట్లో బీపీ ఎవరికో అందరికీ తెలుసు. ఓబుళేశు మీద నీళ్లు చల్లారు, విసిరారు, నలుగురు ఎత్తుకొని ఆటోలో పడుకోబెట్టారు. ఆయన సగం తెలివితో చేయి ఊపి ఇంటి వైపు చూపిస్తుంటే, భార్యను తోడు రమ్మంటున్నాడనుకున్నారు. మద్దమ్మను పిలవడానికి లోపలికి పోయిన మనిషి అరిచిన తర్వాతే గుంతలో ఆమెను చూశారు. ఆమెను రెండో ఆటోలో తెచ్చారు.

ఆస్పత్రిలో భూపేష్ మొదట ఓబుళేశు నడుముకున్న పెట్టెనే తీసి చూశాడు. ఆయన మొహం వాడిపోయింది. అంకెలు తగ్గడం కాదు, పాతాళంలో ఉన్నాయి. పోయినసారి గీతకూ దీనికీ ఎక్కడా పొంతన లేదు. ఎంత మందేసినా ఇంత తేడా రాదు. అంతగా సరిచూసిన మిషను చెడిపోయిందా? ఈ ఒక్క మనిషి గీతను ఆయన పెద్ద పెద్ద డాక్టర్ల సభలో తెర మీద వేసి చూపించి వచ్చాడు.

ఆ ఆలోచనతోనే మద్దమ్మ మంచం దగ్గరికి వచ్చి మామూలు మిషనుతో ఆమె బీపీ తీశాడు. రెండు వందల ముప్పై దాటింది. ఒకసారి నమ్మక రెండోసారి తీశాడు.

"ఇంత బీపీ ఒక్కరోజులో రాదు. ఇన్ని నెల్లు ఈమెకు ఎవరూ చూడలేదా?" అని ఓబుళేశు మీద కసిరాడు.

ఓబుళేశు మంచం కోడు పట్టుకొని నేల మీద కూలబడ్డాడు.

"చూసినారు సారూ. మీ మిషనే చూసింది. అప్పుడు నేను పట్టీ ఊడదీసి ఆమెకు కడితిని. ఆ ఎక్కిన గీత నాది కాదు సారూ, ఆమెదే. నాకేం లేదు. నాకు ముందే తెలుసు సారూ, చెప్పలేకపోతిని."

భూపేష్ ఓబుళేశును చూశాడు, మద్దమ్మ సన్నటి చేతిని చూశాడు, తన చేతిలోని పెట్టెను చూశాడు. నెమ్మదిగా ఆయన మొహం తేటపడింది. పెద్ద బరువు దిగినవాడిలా ఊపిరి వదిలాడు.

"అంటే మిషన్ తప్పు చెప్పలేదు. రెండుసార్లూ కరెక్టుగానే చెప్పింది."

సెలైను సూది గుచ్చుతున్న యామిని చేయి ఆగింది.

"మెల్లగా మాట్లాడండి సార్. ఆమెకు అన్నీ వినపడతాండాయి."

మద్దమ్మ కళ్లు తెరుచుకొని మొగుడి వైపే చూస్తోంది. ఏదో చెప్పబోయింది, మాట రాలేదు.